తొమ్మిదిన్నర ఆరాధన

మా గుడిలో ఆదివారం ఆరాధన తొమ్మిదిన్నరకు మొదలయ్యేది. ఆ వేళ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నా చిన్నప్పుడు ఎవరూ అడగలేదు. తొమ్మిదింటికి మొదటి గంట, తొమ్మిదీ ఇరవైకి రెండో గంట, తొమ్మిదిన్నరకు పాట. పోర్టులో గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా రిటైరైన మా నాన్న రెండో గంట కొట్టేసరికి ముందు నుంచి మూడో బల్ల మీద, గోడవారగా కూర్చుని ఉండేవాడు. ఎవరైనా పాట మొదలయ్యాక లోపలికి వస్తే తల తిప్పకుండానే మెడ బిగించేవాడు. వెనక కూర్చున్న మాకు ఆ మెడను చూస్తేనే తెలిసిపోయేది.

గుడి వన్‌టౌన్‌లో, హార్బరుకు దగ్గర. ఓడల్లోకి ఎత్తే ఇనుపరాయి దుమ్ము గాలికి కొట్టుకొచ్చి బల్లల మీద ఎర్రగా పేరుకునేది. శనివారం సాయంత్రం నేను తడిగుడ్డతో తుడిస్తే ఆదివారం పొద్దుటికి మళ్ళీ వేలితో అక్షరం రాసేంత దుమ్ము. మరోసారి తుడవాల్సి వచ్చేది. ఆ రోజులు తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది పాటలూ కాదు, ప్రసంగాలూ కాదు. ఎర్రబడ్డ గుడ్డను బకెట్లో పిండడం.

నేను అక్కడికి దగ్గర్లోనే ఆడపిల్లల బడిలో టీచరుని. ఎనభయ్యో దశకం మొదలయ్యేసరికి నాకు నలభై అయిదు దాటాయి. పెళ్ళి కాలేదు. అమ్మ పోయాక ఇంట్లో నాన్న, నేను. గుడిలో నా పనులు ఎలా పెరిగాయో నాకే తెలియదు. మొదట పాటల గుంపులో గొంతు కలిపాను. హార్మోనియం వాయించే ఆవిడ బదిలీ అయి వెళ్ళిపోతే అది నా ముందుకొచ్చింది. తర్వాత సండే స్కూలు, ఆపైన బుధవారం స్త్రీల కూడిక, చివరికి సంఘ కమిటీకి కార్యదర్శి పని. "పిల్లలా, సంసారమా, నీకు తీరికే కదమ్మా" అనేవాళ్ళు. వారమంతా అరవై మంది పిల్లలున్న తరగతి గది, ఆదివారం ఇదంతా. ఆదివారం సాయంత్రం మాత్రం నాది. నాలుగింటికి ముందుగది కిటికీ తెరిచి ఫ్యాను కింద చాప వేసుకుని పడుకునేదాన్ని. నిద్ర పట్టకపోయినా సరే. నన్ను ఎవరూ ఏమీ అడగని రెండు గంటలవి. ఈ సంగతి ముందే చెప్పాలి. తర్వాత నేను చేసిన పనికి భక్తితోనో నమ్మకంతోనో సంబంధం లేదు, ఆ చాపతోనే ఉంది.

అప్పటికే మా సంఘం పలచబడుతోంది. కాస్త జీతం పెరిగినవాళ్ళు అక్కయ్యపాలెం వైపో, మర్రిపాలెం వైపో ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. మొదటి ఏడాది పండగలకు వచ్చేవాళ్ళు. రెండో ఏడాది క్రిస్మస్‌కు మాత్రం వచ్చేవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళకు దగ్గర్లో వేరే చర్చి ఏదో దొరికేది. ఉప్పుగాలికి పెచ్చులూడిన వన్‌టౌన్ ఇళ్ళలో ముసలివాళ్ళూ, నాలాంటివాళ్ళూ మిగిలాం.

అలాంటి సమయంలో మా పెద్దలకు తోచింది గుడి వార్షికోత్సవం ఘనంగా చేయాలని. సంఘ చరిత్ర రాసే పని నాన్నకు అప్పజెప్పారు. కళ్ళకు శుక్లాలు ముదురుతున్నా ఆయన భూతద్దం పెట్టుకుని పాత దస్తావేజులు చదివేవాడు. ఏ బల్ల ఎవరి తాతగారు చేయించారు, గంట ఏ ఓడలో వచ్చింది, పునాదిరాయి వేసిన దొర పక్కన ఎవరెవరు నిలబడ్డారు, ఇదే రాత. మా ఇంట్లో మాటలన్నీ "ఆ రోజుల్లో" అని మొదలయ్యేవి. అన్నంలో ఉప్పు తక్కువైనా ఆ రోజుల్లో ఉప్పు దగ్గరికి వెళ్ళేవాడు. నేను ఊఁ కొడుతూ కాపీలు దిద్దుకునేదాన్ని.

అప్పుడే మా గుడికి కొత్త పాస్టరు అయ్యగారు బదిలీ మీద వచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి. బక్కపలుచగా, ఎప్పుడూ ఏదో లెక్క మర్చిపోయినవాడిలా ఉండేవారు. మొదటి కమిటీ సమావేశంలోనే "అమ్మా, సభ్యుల రిజిస్టరు ఉందా? పైకి చదవండి" అన్నారు.

చదివాను. కుటుంబం పేరు చదివి ఆగేదాన్ని. పెద్దల్లో ఎవరో ఒకరు జవాబు చెప్పేవారు. "పోయారు." "హైదరాబాదులో ఉన్నారు." "ఆయన పోయాడు, ఆవిడ కూతురి దగ్గర." "పోయారు." పేజీ తిప్పేకొద్దీ గదిలో గొంతులు తగ్గాయి. సగం పుస్తకం అయ్యేసరికి జవాబు చెప్పడం మానేసి తలలు ఊపుతున్నారు. చివరి పేజీ మూసి నేను మంచినీళ్ళు తాగాను. అయ్యగారు "మరి రిజిస్టరులో లేకుండా వస్తున్నవాళ్ళు ఎవరు?" అని అడిగారు.

 నాకు ఒక మనిషి గుర్తొచ్చింది కానీ, రిజిస్టరు తీసి బీరువాలో పెట్టేశాను.

ఆమెకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. చంకలో ఏడాది పిల్ల. ప్రసంగం సగంలోనో, చివరి పాటలోనో వచ్చేది. లోపలికి రాకుండా వరండాలో చెప్పుల పక్కన కూర్చునేది. ముగింపు ప్రార్థన అయ్యాక అందరూ ఆమెను దాటుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఒకసారి అడిగాను, కొంచెం టీచరు గొంతుతోనే, ప్రతివారం ఇంత ఆలస్యమేమిటని.

"గాజువాకలో రెండు బస్సులు ఒదిలీసినాను టీచరమ్మా, సంటిదానితోటి ఎక్కలేక. ఆయన నైట్ డ్యూటీ దిగి ఏడున్నరకి ఒత్తాడండి. ఆయనకింత ఒండి పెట్టి, దీన్ని తెమిల్సి బయల్దేరీసరికి ఇదే టైమౌతంది."

స్టీల్ ప్లాంట్ కోసం ఖాళీ చేసిన ఊళ్ళలో ఒక ఊరు వాళ్ళది. భర్త అక్కడి నిర్మాణంలోనే కాంట్రాక్టరు కింద ఖలాసీ. పెద్ద పెద్ద ఇనుప దూలాలను తాళ్ళతో, కప్పీలతో పైకెత్తే పని. గాజువాక దాటాక కొత్తగా వేసిన కాలనీలో రేకుల ఇల్లు. దగ్గర్లో చర్చి లేదా అని అడిగితే, "ఉన్నాదండి. మా అత్తకి బాప్తిస్మం మీ గుడిలోనే అయినాదట. ఇక్కడికే ఎల్లమని సెప్పి సచ్చిపోనాది" అంది.

నేను "కాస్త ముందు బయల్దేరు" అని చెప్పి వచ్చేశాను. 

అయ్యగారు సైకిలు మీద తిరగడం మొదలుపెట్టారు. మల్కాపురం, గాజువాక, ఇంకా లోపలికి. రెండు నెలల తర్వాత కమిటీలో చెప్పారు. అటువైపు మన సంఘానికి ఏదో ఒక దారిలో చెందిన కుటుంబాలు చాలానే ఉన్నాయి, అందరివీ షిఫ్టు ఉద్యోగాలు, తొమ్మిదిన్నరకు ఇక్కడికి రావడం వాళ్ళకు కుదరదు, అందుకని అక్కడే ఆదివారం సాయంత్రం ఇంకో ఆరాధన పెడదాం అన్నారు.

మా నాన్నే ముందు లేచాడు. "అయ్యగారూ, గుడి ఇక్కడుంటే ఆరాధన అక్కడేటండీ? రావాలనుకున్నోళ్ళు వస్తారు. ఆ రోజుల్లో యారాడ నుంచి కొండెక్కి దిగి వచ్చేవాళ్ళు."

వాదన గంటన్నర నడిచింది. చేతులెత్తమంటే నలుగురు అటు, నలుగురు ఇటు. నేను మినిట్స్ రాస్తూ కూర్చున్నాను. అందరూ నా వైపు చూశారు. నాకు ఆ క్షణంలో ఆదివారం నాలుగింటి చాప కనబడింది. రెండో ఆరాధన అంటే రెండోసారి హార్మోనియం. అది ఎవరు మోస్తారో నాకు తెలుసు. "ఉన్న ఆరాధనకే మనుషులు చాలడం లేదు. వార్షికోత్సవం అయ్యాక చూద్దాం" అని చెయ్యి వద్దనేవాళ్ళ వైపు ఎత్తాను. నాన్న నా వైపు గర్వంగా చూశాడు. అయ్యగారు "సరేనమ్మా" అన్నారు. నా నిర్ణయాన్ని నా చేత్తోనే మినిట్స్‌లో రాసుకున్నాను.

తర్వాతి నెలలో ఒక ఆదివారం వార్షికోత్సవ పుస్తకం కోసం గ్రూప్ ఫొటో తీయించారు. ఆ రోజు ఆరాధన తొందరగా ముగించి అందరం పక్కనున్న బడి ఆవరణలోకి వెళ్ళాం. ముసలివాళ్ళకు కుర్చీలు, వెనక బెంచీలు. ఎవరు ఎవరి పక్కన నిలబడాలో తేలేసరికే చాలాసేపు పట్టింది. ఎండకు నాన్న కళ్ళు నీళ్ళు కారుతుంటే నల్లకళ్ళజోడు గుడిలో మర్చిపోయామని గుర్తొచ్చి నేను వెనక్కి వచ్చాను.

తలుపులు తాళం వేసి ఉన్నాయి, తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆమె మెట్ల మీద కూర్చుని పిల్లకు పాలిస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఏటండి టీచరమ్మా, ఇయ్యాల పదకొండు కాకుండానే మూసీసినారు?"

ఫొటో సంగతి చెప్పాను. నువ్వూ రా, నిలబడు అని కూడా అన్నాను. అనేశాక అది ఎంత పేలవంగా ఉందో నాకే వినబడింది.

"ఒద్దండి. నానేటికి అందులో." పిల్ల వీపు నిమిరింది. గొంతులో కోపం లేదు. బస్సు ప్రయాణానికి అలిసిపోయిన గొంతు. "ఇంక రానండి. అదే సెప్పి ఎల్దారని కూసున్నాను. మా కాడ నలుగురు ఆడోళ్ళం ఉన్నాం. మేమే ప్రార్థన సెప్పుకుంటాం. వాక్యం చదవడం ఒకమ్మాయికి వచ్చు. పాటే రాదండి. ఒక్క పాట నేర్పీగలరా? ఇప్పుడే. మళ్ళీ బస్సుకి ఎల్లిపోతాను."

నాన్నకు కళ్ళజోడు తీసుకెళ్ళాలి. అక్కడ అందరూ ఎండలో నిలబడి ఉన్నారు. నేను మెట్టు మీద కూర్చుని పాట పాడాను. మూడుసార్లు పాడి చూపించాను. రెండో పాదం చివర గొంతు కిందికి దిగాలి. ఆమె పైకి తీసుకెళ్ళేది. సరిచేశాను. మళ్ళీ పైకే. "ఫరవాలేదు, వచ్చే ఆదివారం సాయంత్రం నేనే వస్తాను, నేర్పుతాను" అన్నాను. అన్న మరుక్షణమే బాధపడ్డాను. అది దైవప్రేరణ అని తర్వాత ఎవరెవరో అన్నారు గానీ, నాకు తెలిసి అది సిగ్గు.

ఆ వారం అయ్యగారికి చెబితే, "కమిటీ వద్దంది కదమ్మా" అన్నారు.

"ఆరాధన వద్దంది. పాట నేర్పొద్దని అనలేదు."

ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. "అయితే నేనూ పాట నేర్చుకోడానికి వస్తాను" అన్నారు.

మా వీధి చివర ఒక బస్సు, గాజువాకలో దిగి ఇంకో బస్సు, ఆపైన కంకర రోడ్డు మీద నడక. కాలనీ చివర నాలుగు కర్రల మీద రేకులు వేసిన పాక ఒకటి, సామాను పెట్టుకోవడానికి వేసుకున్నది. సిమెంటు సంచులు కుట్టి పరిచారు. మొదటి రోజు నలుగురు ఆడవాళ్ళు, పిల్లలు, మేమిద్దరం. మూడో వారం నుంచి డ్యూటీ దిగిన మగవాళ్ళు నేరుగా వచ్చి కూర్చోవడం మొదలైంది. చెప్పులతో పాటు వాళ్ళ పసుపు హెల్మెట్లు కూడా బయట వరసగా పెట్టేవాళ్ళు. వెల్డింగు పనివాళ్ళ కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉండేవి. ప్రార్థనలో ఏడుస్తున్నారని నేను మొదట పొరబడ్డాను. కొంతమంది ప్రసంగం మధ్యలో కూర్చున్నచోటే నిద్రపోయేవారు. అయ్యగారు గొంతు తగ్గించి మాట్లాడేవారు, వాళ్ళు లేవకుండా.

నేను సంతోషంగా వెళ్ళేదాన్నని చెప్పలేను. ఒక్కో ఆదివారం మూడింటికి జడ వేసుకుంటూ, వాన పడితే బాగుండు అనుకునేదాన్ని. హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే తొడలు మొద్దుబారేవి. తిరిగొచ్చి వంట. సోమవారం పొద్దున మొదటి పీరియడ్‌లో గొంతు రాదు.

పాట విషయంలో కూడా ఓడిపోయాను. రెండో పాదం చివర ఆమె పైకి తీసుకెళ్ళినట్టే పాకలో అందరూ పైకి తీసుకెళ్ళేవారు. నెల రోజులు దిద్దాను. నేను ఒక్కదాన్నే కిందికి, ముప్పై గొంతులు పైకి. ఒకరోజు నా వేళ్ళే పై మెట్టు నొక్కేశాయి. ఇక ఆ పాట అక్కడ అలాగే ఉండిపోయింది. విని విని, అది తప్పని అనిపించడం మానేసింది.

నాన్న ఈ ప్రయాణాల గురించి నాతో మాట్లాడేవాడు కాదు. పక్కింటావిడ ఆదివారం సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చునేది. ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం ఆవిడ భీమిలి వెళ్ళాల్సి వచ్చింది. చూపు ఆనని మనిషిని ఒంటరిగా వదల్లేను. "నాన్నా, నువ్వూ రా. లేదంటే నేనూ మానేస్తాను" అన్నాను. నిజానికి మానేస్తే బాగుండుననే ఉంది. ఆయన లాల్చీ తొడుక్కున్నాడు.

పాకలో ఆయనకు ఎవరి ఇంట్లోంచో కుర్చీ తెచ్చి వేశారు. ఆయన చేత్తో తడిమి చూసుకుని కూర్చున్నాడు. ఆరాధన అయిపోయాక ఆమె, అదే ఆ వరండా అమ్మాయి, టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి అడిగింది. "తాతగారూ, మీరు గుడి గురించి పుస్తకం రాత్తన్నారంట కదా. మా అత్త సెప్పీది గానీ నాకు తిన్నగా తెల్దు. అది ఎలాగ మొదలైందండి?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. పునాదిరాయి, దొర, ఓడలో వచ్చిన గంట. నాకు కంఠతా వచ్చిన వరస. జనం మర్యాదగా విన్నారు. ఒక ఖలాసీ, నలభై ఏళ్ళవాడు, మధ్యలో అడిగాడు. "మరి హార్బరు తవ్వినోళ్ళు ఏ గుడికెళ్ళీవోరండి తాతగారూ? మా తాత కూడా ఆ పనికే ఒచ్చినాడంట."

నాన్న ఆగిపోయాడు. టీ చల్లారిపోయేంతసేపు ఆగాడు. ఏదైనా అయిందేమోనని నేను లేచి దగ్గరికి వెళ్ళాను.

"మా నాయన కూడా అందుకే ఒచ్చినాడు" అన్నాడు.

నాకు తెలిసినంతలో మా తాతగారు పోర్టులో 'ఉద్యోగి'. ఇంట్లో అదే మాట. నాన్న చెప్పుకుంటూ పోతుంటే నలభై ఏళ్ళ ఆఫీసు తెలుగు జారిపోయి, నేనెన్నడూ వినని భాష బయటికొచ్చింది.

"ఉప్పుటేట్లో బురద తవ్వీవోరు. మొలలోతు బురద. ఆదివారం కూడా పనే, ఆటు పోటు సూసుకుని. మా నాయన పని నుంచి గుడికొచ్చీసరికి ఆరాధన అయిపోయీది. వరండాలో కూసునీవోడు, బురద కాళ్ళతోటి. నాను ఆయన పక్కన. సాయంత్రం ఒక ఆరాధన పెట్టండని కూలోళ్ళందరూ పెద్దల్ని అడిగినారు. సూద్దాం అన్నారు. ఏడాది తర్వాత మళ్ళీ అడిగినారు. సూద్దాం అన్నారు. అలాగ శానా ఏళ్ళు."

"ఇచ్చినారేటండి?" అని ఆమె అడిగింది.

"ఇచ్చినారు. ఇచ్చీసరికి కాలవ పని అయిపోనాది. సగం మంది ఊళ్ళకెళ్ళిపోనారు. మొదటి సాయంత్రం ఆరాధనకి మా నాయన, నాను, ఇంకో ముగ్గురు. రెండు నెల్లకి ఆపీసినారు, జనం రాటం లేదని."

 చల్లారిన టీ తీసి ఆమె వేడిది తెచ్చి ఇచ్చింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. "నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అన్నాను.

"ఏటని చెప్తాను? మీ తాతని వరండాలో కూర్చోబెట్టారని చెప్పనా? నేను కష్టపడి చదివి, గుమాస్తానై, లోపల మూడో బల్ల దాకా వచ్చాను. అక్కడ కూర్చున్నాక వెనక్కి చూడబుద్ధి కాలేదు." కిటికీ చువ్వ పట్టుకుని అన్నాడు. "ఆ పుస్తకంలో అది లేదు."

తర్వాతి వారం కమిటీలో నాన్న లేచి ఆ కథంతా చెప్పాడు. పుస్తకంలో చేరుస్తానన్నాడు. సాయంత్రం ఆరాధన మన సంఘానిదేనని రాయమన్నాడు. రిటైరైన ఇంజనీరుగారొకరు విసుక్కున్నారు. "ఇప్పుడా పాతవన్నీ తవ్వుకోవడం దేనికండీ?" ఏడాదిగా పాతవి తవ్వుతున్నది మేమే. ఆ మాట నేను పైకి అన్నాననుకుంటాను. ఈసారి నా చెయ్యి లెక్కించే అవసరం రాలేదు.

అంతటితో కథ సుఖాంతమైందని చెబితే అబద్ధం. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల పాకలో, సాయంత్రం, అందరికీ కలిపి అని నిర్ణయించాం. ఆ ఆదివారం వన్‌టౌన్ గుడిలో పొద్దుట ఆరాధన ఉండదు. మూడు కుటుంబాలు సంఘం వదిలి వెళ్ళిపోయాయి. అందులో ఒకావిడ నా చిన్ననాటి స్నేహితురాలు. మార్కెట్లో ఎదురైతే కూరగాయల బేరంలో తలదూర్చేది. ఆమె తప్పు కూడా నాకు కనబడేది కాదు. తన తల్లి శవపేటిక పెట్టిన చోట కూర్చుని పాడుకోవాలని ఉండటం నేరమా? ముసలివాళ్ళను బస్సెక్కించడం, దించడం, పాకలో వాళ్ళ మోకాళ్ళకు కుర్చీలు వెతకడం, తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ సణుగుడు వినడం, అన్నీ నా పనులే. వార్షికోత్సవం కూడా చిన్నదిగా జరిగింది. పుస్తకం అచ్చయింది. వరండా కథ అందులో ఒకటిన్నర పేజీ. చాలామంది మొదట తమ తాతగారి బల్ల ఉందో లేదో చూసుకున్నారు.

అయినా పాక నిండింది. రెండేళ్ళలో గోడలు లేచాయి. పాట ఎత్తుకునే పని ఆమెకు అప్పజెప్పి నేను హార్మోనియం దగ్గరే ఉండిపోయాను. కొన్నాళ్ళకు కమిటీలోకి ఆమెను తీసుకున్నారు. మొదటిసారి సమావేశానికి అరగంట ముందే వచ్చి కూర్చుంది.

ఎనభైల మధ్యలో నాన్న పోయాడు. వన్‌టౌన్ గుడిలోనే ప్రార్థన. కాలనీ వాళ్ళు డ్యూటీ దిగి లారీలో వచ్చారు. బల్లలు చాలక గోడల పొడుగునా నిలబడ్డారు. ఆ రోజు నన్ను ఎవరూ వాయించమని అడగలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆరాధనలో ఊరికే కూర్చున్నాను. నేను మెట్ల మీద నేర్పిన పాటే ఎత్తుకున్నారు, రెండో పాదం చివర సగం గుడి కిందికి, సగం గుడి పైకి వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. తర్వాతి చరణంలో కూడా అలాగే వెళ్ళింది.

ఆ తర్వాత నాలుగేళ్ళకు కాలనీ వాళ్ళలో చాలామందికి టౌన్‌షిప్‌లోనో, దువ్వాడ వైపో ఇళ్ళు వచ్చాయి. కుర్రకారు ఒక ప్రతిపాదన తెచ్చారు. అటువైపు హాలు ఒకటి దొరుకుతుంది, ఆరాధన అక్కడికి మార్చాలని. అప్పుడు అందరికంటే గట్టిగా వద్దన్నది ఆమే. సమావేశం నుంచి లేచి వచ్చేసి, బయట అరుగు మీద కూర్చున్న నా పక్కన కూలబడింది.

"మీరైనా సెప్పండి టీచరమ్మా. నా ముగ్గురు పిల్లలకీ బాప్తిస్మం ఇక్కడే. ఈ గోడకి ఇటుకలు నాను మోసినాను. తాతగారు అక్కడ కూసునీవోరు. ఇదంతా ఒదిలీసి ఎక్కడికో హాలుకి ఎల్తామంటన్నారు. ఈలికేటి తెలుసు?"

నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాచేవి. వాదించే ఓపికా లేదు, ఓదార్చే ఓపికా లేదు. "ఈ కాలనీలో ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయి మనవాళ్ళవి?" అని మాత్రం అడిగాను.

ఆమె వేళ్ళు మడిచింది. ఒక చెయ్యి పూర్తికాకుండానే ఆగిపోయింది. 

"నా మీద మీకు అప్పుడు కోపం ఒచ్చిందా? పొద్దుటి ఆరాధన పోగొట్టినానని?" అంది.

"నీ మీద కాదు. నా మీద వచ్చింది. సాయంత్రం పడుకోనివ్వలేదని నీ మీద కూడా కొంచెం వచ్చింది."

ఆమెకు నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ముక్కు చీదుకుని లేచి లోపలికి వెళ్ళింది. ఏం చెప్పిందో నేను వినలేదు. బస్సు టైమైందని నేను బయల్దేరాను.

మూడు నెలల తర్వాత హాలుకు మారారు. మొదటి ఆదివారం నేను వెళ్ళలేదు. కాళ్ళు బాగా వాచాయి. రెండో ఆదివారం వెళ్ళాను. మా వీధి చివర నుంచి ఒక బస్సు, గాజువాకలో ఇంకో బస్సు, ఇప్పుడు ఆ తర్వాత మరొకటి.